మా బావ పెరట్లో వర్షారణ్యం

మా బావ ఇంజినీరుగా రిటైరై మూడేళ్లయింది. ఘట్‌కేసర్ అవతల ఇల్లు కట్టుకుని వెనకాల అరవై చదరపు మీటర్ల జాగా ఖాళీగా వదిలాడు. అక్కేమో అక్కడ బీరపాదు, సొరపాదు వేసుకుందామనుకుంది. బావ మాత్రం నిరుడు వేసవిలో మేమందరం కర్ణాటకలో, పడమటి కనుమల్లో ఉన్న ఆగుంబె వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట, పెరట్లో వర్షారణ్యం పెంచుతానని. అక్కడ మేం దిగిన ఇంటి వరండాలో కూర్చుని, పట్టపగలే చీకటిగా ఉన్న ఆ అడవిని చూస్తూ ఆయన అన్న మాట నాకింకా గుర్తుంది. "మనకీ ఇంత వాన పడితే మన అడవులూ ఇలాగే ఉండేవిరా."

ఇంటికొచ్చాక కరెంటు బిల్లు వెనకాల లెక్క వేసి చూపించాడు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. హైదరాబాదులో ఏడాదికి పడేది సుమారు 800 మిల్లీమీటర్లు. వర్షారణ్యానికి మూడు వేలన్నా కావాలి. తక్కువ పడేది 2,200. దాన్ని అరవైతో గుణిస్తే లక్షా ముప్ఫై రెండు వేల లీటర్లు. రోజుకి 360. "మన బోరు కాసేపు పోస్తే చాలు. నీళ్లే కదరా కావాల్సింది!" అన్నాడు. లెక్కలో తప్పు దొరక్క నేనూ తలూపాను.

ఒక నర్సరీవాళ్లు 'రెయిన్ ఫారెస్ట్ ప్యాకేజీ' అని పేరు పెట్టి నలభై మొక్కలిచ్చారు. అందులో ఆరు నాగకేసరాలు. జులైలో నాటి డ్రిప్పు పెట్టారు. జనవరి దాకా ఎవరొచ్చినా బావ ముందు పెరట్లోకే తీసుకెళ్లేవాడు. ఫిబ్రవరిలో నాగకేసరాలు కొత్త చిగురు వేశాయి. చూడనివాళ్లకి చెప్పాలంటే, ఆ చిగురు పచ్చగా ఉండదు, ఎర్రగా, తడి గుడ్డ ఆరేసినట్టు మెత్తగా కిందికి వేలాడుతుంది. కొన్నాళ్లకి గాని అది బిగుసుకుని పచ్చబడదు. ఈ సారి బిగుసుకోలేదు. ఏప్రిల్ రెండో వారానికి ఆకుల అంచులు అప్పడం మాడినట్టు గోధుమరంగుకి తిరిగాయి. మొదట్లో వేలు పెట్టి చూస్తే మట్టి తడిగానే ఉంది. మొక్క మాత్రం ఎండిపోతోంది. మే ఆఖరికి నలభైలో పదకొండు మిగిలాయి. నాగకేసరాల్లో ఒకటే, అదీ ప్రహరీ మూలన పాత మామిడి చెట్టు నీడలో ఉన్నది.

బావ నర్సరీకి ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాడు. నాకు మాత్రం తప్పు నర్సరీలో కంటే ఆ కరెంటు బిల్లు వెనకాల లెక్కలోనే ఉందనిపించింది. లెక్క కరెక్టే. లెక్కించిన వస్తువే వేరు. అప్పట్నుంచీ రెండు నెలలుగా దొరికింది చదువుతూ బుర్ర గోక్కుంటున్నాను. నాకు తోచింది మొహమాటం లేకుండా ముందే చెప్పేస్తాను: ఏ చెట్టు ఎక్కడుంటుందో తెలియాలంటే ఏడాదికి ఎంత వాన అన్న అంకె దాదాపు పనికిరాదు. ఎన్ని నెలలు వాన లేదు, ఆ నెలల్లో జానెడు మొక్క దగ్గర దాహానికి ఏం మందు ఉంది, ఈ రెండే అడగాలి. దీంట్లో నాకూ అనుమానాలున్నాయి, వాటి సంగతి తర్వాత.

ఒకే కొండలు, ఒకే వాన, వేరే అడవి

పడమటి కనుమలే దీనికి మంచి ఉదాహరణ. దక్షిణాన అగస్త్యమలై నుంచి ఉత్తరాన మహారాష్ట్ర దాకా, సముద్రం వైపు వాలంతా వాన దంచే చోటే. మొత్తం వానే అడవిని నిర్ణయించేదైతే, మహాబలేశ్వరంలో కేరళ కంటే దట్టమైన వర్షారణ్యం ఉండాలి. అక్కడ ఏడాదికి ఐదు వేల మిల్లీమీటర్ల పైమాటే పడుతుంది. ఉన్నదేమిటి? పొట్టి చెట్లు, గిడసబారిన కొమ్మలు, నాలుగైదు జాతులదే రాజ్యం. అదే దక్షిణ కేరళ కొండల్లో అంతకంటే చాలా తక్కువ వాన పడే చోట కూడా వంద అడుగుల చెట్లు, వాటిలో ప్రపంచంలో ఇంకెక్కడా లేని జాతులు.

తేడా క్యాలెండర్‌లో ఉంది. నైరుతి రుతుపవనం కేరళకి జూన్ 1కి అటూ ఇటూగా వస్తుంది. దానికి ముందే ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులు పడతాయి. నైరుతి పోయాక అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనం ఇంకో విడత తడుపుతుంది. అంటే దక్షిణపు కొసన చెట్టుకి నిజంగా పొడిగా గడిచేది రెండు మూడు నెలలే. ఉత్తరానికి పోయేకొద్దీ వాన ఆలస్యంగా వచ్చి పెందలాడే పోతుంది, ముందు జల్లులూ ఉండవు, వెనక జల్లులూ ఉండవు. మహాబలేశ్వరం వైపు ఆ ఐదు వేల మిల్లీమీటర్లూ నాలుగు నెలల్లోనే కుమ్మరించేసి, మిగతా ఏడెనిమిది నెలలు ఆకాశం మొహం చాటేస్తుంది. జీతమంతా ఒకటో తారీఖునే చేతికొచ్చి పదో తారీఖుకి అయిపోయే ఇల్లూ, తక్కువైనా వారంవారం కూలి వచ్చే ఇల్లూ ఒకలా నడవవు కదా.

ఇది నా సొంత కనిపెట్టుడేం కాదు. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ పియర్ పాస్కల్ బృందం 1980ల్లోనే ఈ కొండల అడవుల పటాలు గీసింది. ఎత్తు పెరిగితే చలి పెరుగుతుంది, ఉత్తరానికి పోతే పొడి నెలలు పెరుగుతాయి, ఈ రెండు గీతలు పట్టుకుని ఏ అడవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూపించారు. దక్షిణాన మధ్య ఎత్తుల్లో నాగకేసరం, కల్లేనియా, పాలాక్వియం కలిసి ఉండే అడవి. ఆగుంబె చుట్టుపక్కల డిప్టెరోకార్పస్ లాంటి మహావృక్షాలు. ఇంకా ఉత్తరానికి పోతే అవీ ఆగిపోతాయి. చివరికి మహాబలేశ్వరంలో మిగిలేది అంజని, నేరేడు, ఇంకొన్ని. 2005లో ప్రియా దావీదార్, ఆమె సహచరులు ఈ కనుమల మీదే రాసిన వ్యాసంలోనూ, పొడికాలం పొడవు పెరిగేకొద్దీ చెట్ల వైవిధ్యం తగ్గిపోతుందని తేలింది.

అంజని అంటే మన అల్లి చెట్టే

మరాఠీ అంజని ఏమిటా అని వెతికితే మెమెసైలాన్ అని తేలింది. ఫోటో చూసి ఉలిక్కిపడ్డాను. అది మా అమ్మమ్మగారి ఊళ్లో అల్లి చెట్టు! సూళ్లూరుపేట దగ్గర మా చిన్నతనంలో దోసిళ్లతో తిన్న నల్లటి అల్లిపండ్లు, నాలుకంతా రంగు అంటేది, గింజ చుట్టూ గుజ్జు పేరుకి మాత్రమే. పూలు మాత్రం కొమ్మని అంటిపెట్టుకుని నీలం దూది చుట్టినట్టు వస్తాయి. దాని పక్కనే పాలపండ్ల చెట్టు ఉండేది.

సూళ్లూరుపేట, శ్రీహరికోట వైపు ఏడాదికి పడేది వెయ్యి పైచిలుకు మిల్లీమీటర్లు, అదీ ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. మహాబలేశ్వరంలో అంతకు ఐదు రెట్లు. అయినా రెండు చోట్లా అల్లి ఉంది, రెండు చోట్లా నేరేడు ఉంది. వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక అడ్డుపుల్ల వేస్తారు. మెమెసైలాన్ పేరు మీద రెండు మూడు జాతులు కలగాపులగం అయ్యాయని, కొండల మీది అల్లీ తీరంలో అల్లీ ఒకటి కాకపోవచ్చని. సరే, అన్నదమ్ములే అనుకుందాం. ఆకు తీరు ఒకటే కదా, నాకు కావాల్సింది అదే.

ఆ ఆకు ఎలా ఉంటుందో చూద్దామని ఒక పిచ్చి పని చేశాను. మొన్న ఊరెళ్లినప్పుడు అల్లి ఆకులు సంచీడు తెచ్చాను. వాటికీ, ఒక టేకు ఆకుకీ ఆఫీసులో కాగితాలకి బొక్కలు పెట్టే పంచింగ్ మెషిన్‌తో వందేసి బిళ్లలు కొట్టాను. బిళ్లలన్నీ ఒకే సైజు. మా స్నేహితుడి బంగారం కొట్లో తక్కెడ మీద పెడితే అల్లి బిళ్లలు టేకు బిళ్లలకి దాదాపు రెట్టింపు తూగాయి. వాడు నావైపు చూసిన చూపు సంగతి వదిలేయండి. రాత్రంతా బల్ల మీద వదిలేస్తే పొద్దునకి టేకు బిళ్లలు ముడుచుకుపోయాయి, అల్లి బిళ్లలు కొద్దిగా వంగాయంతే. ఇది ప్రయోగం అనిపించుకోదు, తెలుసు. కానీ ఆకు మందం అన్న మాట పుస్తకంలో చదవడం వేరు, వేళ్ల మధ్య నలపడం వేరు.

మందపాటి ఆకు అంటే చెట్టు పెట్టుబడి పెట్టినట్టు. పలచటి ఆకు చౌకగా తయారవుతుంది, తొందరగా అన్నం వండిపెడుతుంది, ఎండ ముదిరితే రాల్చేసుకోవచ్చు. తోలులాంటి ఆకు ఖరీదైనది, నిదానంగా పనిచేస్తుంది, కానీ ఏళ్ల తరబడి ఉంటుంది, నీళ్లు తగ్గినా వాలిపోదు. కోరమాండల్ తీరంలో ఎండకి మాడే ఇసుకలో ఏడాది పొడుగునా పచ్చగా ఉండే ఆ విచిత్రమైన అడవి ఉన్నది ఇలాంటి ఆకుల వల్లే. దాన్ని పొడి సతతహరిత అడవి అంటారు. శ్రీహరికోటలో అది ఇంకా పెద్ద ఎత్తున మిగిలి ఉంది. రాకెట్ల కోసం కట్టిన కంచె దాన్ని గొడ్డలి నుంచి కూడా కాపాడిందని అందరూ అనేదే. ఆ చెట్లన్నిటి పేర్లూ, పండ్ల రుచులూ అక్కడి యానాదులకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

పెద్ద చెట్టు వైపు చూసి మోసపోతాం

బావ పెరట్లో మిగిలిన ఒక్క నాగకేసరం మామిడి నీడలో ఉన్నదే కావడం నన్ను చాలా రోజులు తొలిచింది. డ్రిప్పు అన్నిటికీ ఒకటే, మట్టీ ఒకటే. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాదు గాలిలో తేమ ముప్ఫై శాతానికి అటూ ఇటూ ఉంటుంది. ఆ గాలికి దాహం. ఆకు మీద రంధ్రాల్లోంచి పీల్చేస్తుంది. కింద వేరు ఎంత తోడినా పైకి పంపే గొట్టాలకి ఒక హద్దుంది. హద్దు దాటితే ఆ సన్నటి గొట్టాల్లో నీటి తీగ తెగి గాలి బుడగ చేరుతుంది, బుడగ చేరిన గొట్టం ఇక పనిచేయదు. అది తప్పించుకోవాలంటే రంధ్రాలు మూసుకోవాలి. మూసుకుంటే చెమట పట్టదు, ఆకు వేడెక్కి మాడుతుంది, అన్నం వండుకోవడమూ ఆగిపోతుంది. వానంటే మా బావ మట్టిని తడపడమే అనుకున్నాడు. ఆగుంబెలో వాన మట్టితో పాటు గాలినీ నెలల తరబడి తడిపి ఉంచుతుంది. దాన్ని డ్రిప్పులో ఎలా పెడతాం?

నీడలో ఉన్న మొక్కకి ఆ మధ్యాహ్నపు ఎండ తగల్లేదు. వందేళ్ల నాగకేసరం అయితే ఏ నగరంలోనైనా తోటమాలి చలవతో తట్టుకోవచ్చు, దాని వేళ్లు లోతుకి పోయి ఉంటాయి. జానెడు మొక్కకి వేరు జానెడే. అంచేత ఏ జాతి ఎక్కడుండాలన్న తీర్పు చెట్టు చిన్నప్పుడే, మొదటి రెండు మూడు ఎండాకాలాల్లోనే జరిగిపోతుంది.

ఈ మాట రుజువు చేసిన పని పనామాలో జరిగింది. అక్కడి భూసంధి, అంటే రెండు సముద్రాల మధ్య సన్నటి నేల, వెడల్పు అరవై డెబ్భై కిలోమీటర్లే. ఒకవైపు పసిఫిక్, ఏడాదికి సుమారు 1,800 మిల్లీమీటర్లు, పొడికాలం గట్టిగా ఉంటుంది. అటువైపు కరీబియన్, మూడు వేల పైనే, పొడికాలం అంతంతమాత్రం. బెటినా ఎంగెల్‌బ్రెక్ట్, ఆమె సహచరులు 48 జాతుల మొక్కల్ని అడవి నీడలోనే నాటి, కొన్నిటికి నీళ్లు పోసి, కొన్నిటికి పోయకుండా ఎవరు బతుకుతారో చూశారు. తర్వాత ఆ భూసంధి పొడుగునా 122 చోట్ల పెద్ద చెట్ల లెక్కతో పోల్చారు. నీళ్లు లేక తొందరగా చచ్చిన జాతులు తడివైపే ఎక్కువగా కనిపించాయి, ఓర్చుకున్నవి పొడివైపు దాకా వ్యాపించాయి. 2007లో వచ్చిన ఆ ఫలితంలో నాకు నచ్చింది ఏమిటంటే, పటం చూసి కారణం ఊహించలేదు. ముందు మొక్కని దాహంతో పరీక్షించి, తర్వాత పటం తెరిచారు.

ఒక్క గుణం పట్టుకుంటే బోర్లా పడతాం

ఇక్కడిదాకా రాసి సంతోషంగా బావకి వినిపించాను. ఆయన ఒకే ప్రశ్న వేసి నా నోరు మూయించాడు. "మరి నాగకేసరం చేవ ఇనుములాంటిదంటారు కదరా. గట్టి చెట్టు కరువుకి ఓర్చుకోవాలి కదా?"

నిజమే. నాగకేసరం కలప నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. కలప చిక్కగా ఉంటే లోపలి గొట్టాలు సన్నగా, గోడలు మందంగా ఉంటాయి, బుడగలు చేరడం కష్టం, కాబట్టి కరువుకి తట్టుకుంటుంది అన్నది చాలా చోట్ల కనిపించే వాదన. నాగకేసరం ఆ వాదన మొహం మీదే తలుపు వేసింది. దానికి ఎదురుగా మన బూరుగు చెట్టుని చూడండి. అగ్గిపుల్లలు చేసే మెత్తటి కలప, గోరుతో నొక్కితే దిగుతుంది. అయినా నల్లమలలో ఎండకి నిక్షేపంగా నిలబడుతుంది. ఎలా? ఆకులన్నీ రాల్చేస్తుంది, మానులో నీళ్లు దాచుకుంటుంది, మోడుగా ఉన్నప్పుడే ఎర్రగా పూసేస్తుంది. దాహానికి ఓర్చుకోవడం ఒక దారి, దాహం వేయకుండా తప్పించుకోవడం ఇంకో దారి.

2024 మార్చిలో పాపికొండల జాతీయవనంలో అటవీశాఖవాళ్లు నల్లమద్ది మానుకి గాటు పెడితే కుళాయి విప్పినట్టు నీళ్లు చిమ్మిన వీడియో మీరూ చూసే ఉంటారు. మాకు కనీసం పది గ్రూపుల్లో వచ్చింది, 'ప్రకృతి వింత' అని. కొండరెడ్లకి అది ఎప్పట్నుంచో తెలిసిన సంగతేనని ఆ వార్తల్లోనే ఉంది. వింత అనేసి ఊరుకుంటే దాని వెనకున్న తర్కం పోతుంది. ఎండలు ముదిరే మార్చిలో మొసలి వీపులాంటి ఆ బెరడు వెనకాల అన్ని నీళ్లు ఎందుకున్నాయో అడగాలి కదా. ఆ కొండల్లో పొడి నెలలు చాలా ఉన్నాయి, ఆ చెట్టు వాటికి చెప్పిన జవాబుల్లో అదొకటి.

అంటే గుణాలు విడివిడిగా పనిచేయవు, జట్టుగా వస్తాయి. చిక్కటి కలప, మందపాటి ఆకు, లోతైన వేరు ఒక జట్టయితే, మెత్తటి కలప, రాలే ఆకు, నీళ్ల కొట్టు ఇంకో జట్టు. ఒక్క గుణాన్ని కొలిచి ఏ చెట్టు ఎక్కడుంటుందో చెప్పబోతే సగంసార్లు తప్పుతాం.

ఈ జట్టులో మనం అసలు లెక్కలోకే తీసుకోనిది గింజ. చింతగింజలు డబ్బాలో పోసి రెండేళ్ల తర్వాత నాటినా మొలుస్తాయి. పనసగింజలు అలా దాచి చూడండి. మామిడి టెంకలు ఎండబెట్టి వచ్చే ఏడాదికి దాచుకున్నవాళ్లని నేను చూడలేదు, ఎండితే లోపలి పప్పు చచ్చిపోతుంది. వర్షారణ్యపు పెద్ద చెట్లలో చాలావాటి గింజలు ఇలాంటివే. పడమటి కనుమల్లో తెల్లడామరు చెట్టు కాయలు సరిగ్గా తొలకరి రోజుల్లో రాలతాయి, తడి నేల మీద పడి ఆలస్యం లేకుండా మొలకెత్తాలి. రాలిన వారం వాన మొహం చాటేస్తే ఆ ఏటి పంట పోయినట్టే. ఎండని తట్టుకునే ఆకు సంపాదించుకున్నా, ఎండని తట్టుకునే గింజ లేకపోతే ఆ చెట్టు ఉత్తరానికి నడవలేదు.

నన్ను ఇంకా కుదురుగా ఉండనివ్వనివి

మొదటిది అడవుల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త స్టీఫెన్ హబ్బెల్ మాట. పనామాలోనే, కాలువ కోసం నది మీద ఆనకట్ట కట్టినప్పుడు ఏర్పడ్డ బారో కొలరాడో దీవిలో, ఆయన, రాబిన్ ఫాస్టర్ 1980ల మొదట్లో 50 హెక్టార్లలో సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండాన్నీ లెక్కపెట్టారు. రెండు లక్షల పైన కాండాలు, సుమారు మూడు వందల జాతులు. అదంతా చూసి చూసి హబ్బెల్ 2001 నాటికి తేల్చిందేమిటంటే, జాతుల మధ్య తేడాలు పట్టించుకోనక్కర్లేదు, ఒక చెట్టు పడితే ఆ ఖాళీలోకి ఎవరొస్తారన్నది లాటరీ అనుకున్నా అడవి దాదాపు ఇలాగే కనిపిస్తుందని. చదివినప్పుడు నాకు భలే నచ్చింది. ఇప్పుడూ సగం నచ్చుతుంది. కానీ ఒకే దీవిలో, ఒకే వాన కింద నిలబడి వాతావరణం పనిచేస్తోందా అని అడిగితే జవాబు ఎలా దొరుకుతుంది? పైగా ఆ 50 హెక్టార్లలోనే 1982-83 ఎల్ నినో కరువు వచ్చినప్పుడు, ఎప్పుడూ తేమగా ఉండే వాలుల మీద మాత్రమే బతికే జాతులు బాగా దెబ్బతిన్నాయి. లాటరీ అయితే అందరికీ సమానంగా తగలాలి.

రెండోది ఇంకా గట్టిది. పొడిని తట్టుకోలేనివి పొడి చోట ఉండవు, సరే. మరి పొడిని తట్టుకునేవి తడి చోట ఎందుకు రాజ్యమేలవు? నీళ్లు ఎక్కువైతే వాటికేం కష్టం? నా దాహం సిద్ధాంతం ఇక్కడ చేతులెత్తేస్తుంది. పనామాలో పొడివైపు మొక్కల్ని తడివైపు నాటితే చాలావరకు బతికాయి. అంటే అక్కడ వాటిని ఆపుతున్నది నీళ్లు కాదు. చీకటి కావచ్చు, వాన కడిగేసి నిస్సారం చేసిన మట్టి కావచ్చు, ఆకులు తినే పురుగులూ బూజులూ కావచ్చు, పక్కన జోరుగా ఎదిగే చెట్టు కావచ్చు. 2013లో రిచర్డ్ కాండిట్ బృందం అదే పనామాలో 550 జాతుల్ని మట్టితో సహా పోల్చి చూస్తే పొడికాలం తీవ్రతతో పాటు నేలలో భాస్వరం కూడా ముందు వరసలో నిలబడింది. కాబట్టి నేను మొదట్లో అన్నదాన్ని కాస్త కుదించుకుంటున్నాను. వాన లేని నెలలు ఒక జాతికి పొడివైపు సరిహద్దు గీస్తాయి. తడివైపు సరిహద్దు గీసేది ఎక్కువగా ఇరుగుపొరుగు.

మూడోది కత్తలెకాన్. ఉత్తర కన్నడ జిల్లాలో, సిద్ధాపుర తాలూకాలో ఉంది. కన్నడంలో పేరుకి చీకటి అడవి అని అర్థం. ఆ అక్షాంశంలో పొడి నెలలు ఐదారు. నా లెక్క ప్రకారం అక్కడ దక్షిణపు తడి జాతులు ఉండకూడదు. ఉన్నాయి! డిప్టెరోకార్పస్ ఉంది. అడవి జాజికాయ చెట్లు వాగు బురదలో నిలబడి, ఊపిరి పీల్చుకోవడానికి మోకాళ్లలా వంగిన వేళ్లు పైకి పెట్టి ఉన్నాయి. మన నల్లజీడికి దగ్గర చుట్టం ఒకటి అక్కడ దొరికితే 2000లో ఆ అడవి పేరే పెట్టారు, సెమెకార్పస్ కత్తలెకానెన్సిస్ అని. రహస్యం వాగులో ఉంది. ఆకాశం ఎండగట్టినా ఎండాకాలమంతా ఊట ఆగని లోయ అది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరతరాలుగా దేవుడి అడవని గొడ్డలి, నిప్పు తగలనివ్వని చోట్లలోనే ఇలాంటివి మిగిలాయి. వాతావరణ పటంలో ఆ లోయ ఒక చుక్క కూడా కాదు. పది కిలోమీటర్ల గళ్లు గీసి సగటు వానతో అడవుల్ని అంచనా వేసే మోడళ్లు చూసినప్పుడల్లా నాకు ఆ వాగు గుర్తొస్తుంది. ఇంకోమాట, అలాంటి చోట ఫలానా జాతి లేదంటే అది వాతావరణం వల్ల లేదా, ఎప్పుడో ఎవరో నరికి కాల్చడం వల్ల లేదా అని విడదీయడం చాలా కష్టం.

నాలుగోది మన ఎర్రచందనం. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల, ఈ చుట్టుపక్కలే దాని సొంత ఇల్లు. అంత ఎండ, అంత వాన, అలాంటి రాతినేల దక్కనులో ఇంకెన్ని చోట్ల లేవు? నాటితే వేరే చోట్లా పెరుగుతోంది. అయినా అడవిగా తనంతట తాను అక్కడే ఉంది. దీనికి దాహం సరైన జవాబు కాదు. చరిత్ర కావచ్చు, గింజ ఎంత దూరం పోగలదన్నది కావచ్చు. ఇది నా వాదనకి పూర్తిగా బయటున్న కేసు, లోపలికి లాగి ఇరికించను.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా బావ లెక్క తప్పే. మనవాళ్లు మొక్కలు నాటే పథకాల్లోనూ, పెరటి అడవుల వ్యాపారంలోనూ ఇప్పటికీ నడిచేది ఆ లెక్కే. ఈ జిల్లాలో సగటు వాన ఇంత, ఈ చెట్టుకి కావాల్సింది ఇంత, అయిపోయింది. రాబోయే రోజుల్లో వాన తగ్గుతుందా పెరుగుతుందా అన్న చర్చలోనూ అదే గోల. ఏడాది మొత్తం ఒక్క మిల్లీమీటరు తగ్గకుండానే, తొలకరి నెల ఆలస్యమై, ఏప్రిల్ జల్లులు మానేస్తే చాలు, దక్షిణ కేరళ కొండల మీది మొలకలకి మహాబలేశ్వరం దగ్గరైనట్టే. పెద్ద చెట్లు ఇంకో వందేళ్లు పచ్చగానే నిలబడి ఉంటాయి. ఫోటోలు బాగానే వస్తాయి. కింద మొక్కలు ఉన్నాయా లేవా అని వంగి చూసేవాళ్లకే తెలుస్తుంది.

పోయినవారం అక్క ఫోన్ చేసింది. "మీ బావ మళ్లీ లెక్క వేస్తున్నాడురా, నువ్వు వచ్చి ఆపు" అని. వెళ్లాను. ఈసారి కంప్యూటర్లో ఎక్సెల్ షీటు. మొత్తం వాన గడి తీసేసి పన్నెండు నెలలకి పన్నెండు గళ్లు పెట్టాడు, వాన లేని నెలలకి ఎర్ర రంగు. హైదరాబాదు వరసలో నవంబరు నుంచి మే దాకా ఎరుపే. దాని కింద అల్లి, పాల, నేరేడు, మామిడి పక్కన నాటాల్సినవి, ఎండలో నాటాల్సినవి అని విడదీసి రాసుకున్నాడు. ఖాళీ జాగాలో సగం అక్క బీరపాదుకి ఇచ్చేశాడు. నా ముందే నర్సరీకి ఫోన్ చేసి అల్లి మొక్కలు ఇరవై కావాలన్నాడు. అవతలివాడు కాసేపు ఆలోచించి, "అల్లి అంటే అడవి చెట్టు కదా సార్, మేం అలాంటివి పెంచం" అన్నాడు.

పండ్లు పండాక సూళ్లూరుపేట వెళ్లి గింజలు ఏరుకొస్తానని చెప్పాను. తేగానే తడి ఆరకుండా కుండీల్లో వేయాలని, కుండీలన్నీ మామిడి చెట్టు కిందే పెట్టాలని బావ షీటులో ఇంకో వరస కలిపాడు.